జీ.పీ.యస్. కొలతయు జాబు ఫైళ్లును

మన సభ్యులలో పలువురిప్పుడు చేతి జీ.పీ.యస్. యంత్రమును బట్టుకొని గట్ల వెంబడి నడచి పొలముల విస్తీర్ణమును తెలిసికొనుచున్నారు. గొలుసు లాగు శ్రమ తగ్గినది, సంతోషమే. కాని నడచుట సగము పని మాత్రమే. నడచిన కొలతను సరిగా భద్రపరచుట తక్కిన సగము. దానిని గూర్చియే మేమిచట నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

యంత్రములోని సాఫ్టువేరునందు ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఫైలును తెరువవచ్చును. దీనికి జాబు ఫైలని పేరు. జాబనగా నిచట ఉత్తరము గాదు, పని యని యర్థము. నడచిన హద్దులు, గుర్తించిన బావులు, వాని అక్షాంశ రేఖాంశములు అన్నియు నందే యుండును.

గత ఖరీఫులో మేమొక వృద్ధ రైతుగారి వేరుశనగ చేనిని కొలిచితిమి. క్రొత్త జాబు తెరువక, ముందునాడు వేరొకరి ఎకరపు చేనికై తెరచిన జాబులోనే నడక సాగించితిమి. యంత్రము రెండు చేలను గూడి మూడెకరములని చూపినది. నిజమునకా చేను రెండెకరములే. పూతదశలో ఎకరమునకు 200 కిలోల చొప్పున జిప్సము వేయవలెను గదా! 400 కిలోలకు మారుగా 600 కిలోలు తెప్పించితిమి. ఎక్కువైన నాలుగు బస్తాల వెల ఆయన అప్పు ఖాతాకెక్కినది. "అయ్యా, రెండెకరములేయని నేనెరుగుదును, యంత్రము చెప్పినదిగదా యని యూరకుంటిని" అని మాత్రమే ఆయన యనెను. బస్తాలను సంఘము వెనుకకు దీసికొని ఖాతా సవరించినది. కాని ఆ మాటను మేము మరువలేదు. తప్పు యంత్రముది కాదు, మాది.

కావున సభ్యులీ క్రింది విషయములను గమనింపవలెను.

మొదటిది: ప్రతి చేనికిని క్రొత్త జాబు తెరువుడు. పని ముగియగనే దానిని మూసి, పిమ్మట రెండవ గట్టెక్కుడు.

రెండవది: యంత్రమిచ్చిన పేరునే యుంచకుడు. సర్వే నెంబరు, పంట, తేది చేర్చి పేరు పెట్టుడు. నెల గడచిన పిమ్మట "జాబు 7" ఎవరి చేనో చెప్పగలవారుండరు.

మూడవది: జాబు తెరచుటకు ముందే కొలతపద్ధతిని సరిచూడుడు. డబ్ల్యూ.జి.ఎస్. 84 ఆధారముగా యు.టి.ఎం. పద్ధతిని వాడునెడల, 78వ రేఖాంశమునకు పడమట 43వ మండలము, తూర్పున 44వ మండలము. అనంతపురము పట్టణము 43లోను, నెల్లూరు 44లోను గలవు. మండలము తారుమారైనచో చేను పటముపై వందల కిలోమీటర్ల దూరమున గానవచ్చును.

నాలుగవది: ఆ సాయంకాలమే ఫైలును కంప్యూటరునకు మార్చుడు. షేపు ఫైలుగా మార్చినచో ఎస్.హెచ్.పి., ఎస్.హెచ్.ఎక్స్., డి.బి.ఎఫ్. అను మూడు భాగములును కలిసియే యుండవలెను. అందొకటి తప్పినను చిక్కు వచ్చును. నకలును తెరచి కన్నులార చూచిన పిదపనే యంత్రమునుండి అసలును తొలగింపుడు.

ఒక హెచ్చరిక. చేతి యంత్రమునకు కొన్ని మీటర్ల తేడా సహజము. చదరముగానున్న ఎకరమునకు ప్రక్క 63.6 మీటర్లు; ఒక ప్రక్క 3 మీటర్లు జరిగినను దాదాపు నాలుగున్నర సెంట్లకు పైబడి మారును. ఎరువుల యంచనాకిది చాలును గాని గట్టు తగవులకు చాలదు. అట్టివానికి సర్వేయరునే పిలువవలెను.

చిట్టా సరిగా వ్రాసికొనువాని యింట లెక్క తప్పదు. జాబు ఫైలును పొలమునకు చిట్టాయే. యంత్రము చూపిన యంకె మీరెరిగిన దానికి విరుద్ధముగా నున్నచో, ఊరకుండక వెంటనే అడుగుడు.