మూడు రూపాయల పంతులు పెద్దల సభకు

వినుకొండ: నెలకు మూడు రూపాయల జీతంపై మిషన్ పాఠశాలలో పాఠాలు చెప్పిన యువకుడే ఆ తర్వాత శాసనమండలిలో కూర్చున్నారు. ఆయనే మహాకవి గుర్రం జాషువా.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించిన జాషువాది పేద కుటుంబం. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. అంటరానివాడన్న మాట ఆయనను చిన్ననాటి నుంచీ వెంటాడింది. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారంటూ కొందరు అవమానించారు. హిందూ పురాణ కథలను కావ్యాలుగా రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు కూడా కన్నెర్ర చేశారు.

తెర పక్కన కథ చెప్పి...

బడి ఉద్యోగం పోవడంతో పొట్ట చేతబట్టుకుని రాజమండ్రి వెళ్లారు. అవి మూకీ సినిమాల రోజులు. 1915-16లో తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివి వినిపించారు. అనంతరం గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితులుగా ఉన్నారు. శిక్షణాలయంలో పనిచేశారంటే పంతుళ్లకు పాఠం చెప్పిన పంతులన్నమాట.

ఆ కొలువులో ఉండగానే 1941లో 'గబ్బిలం' వెలువడింది. గుడి మెట్లెక్కనివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలం చేత శివునికి తన గోడు చెప్పి పంపడం అందులోని కథ.

మండలి సభ్యత్వం

1964లో జాషువా ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులయ్యారు. 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించిందీ ఆ ఏడే. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జులై 24న కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య సంస్కరణకు పాటుపడ్డారు.

శాసనమండలి 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. అందులో పన్నెండో వంతు స్థానాలు ఉపాధ్యాయులు ఎన్నుకునేవే. అయితే ఓటు హైస్కూలు, ఆ పై స్థాయి వారికే. ఊరి చిన్న బడిలో అక్షరాలు దిద్దించే పంతులుకు ఆ ఓటు లేదు. మూడు రూపాయల జీతంతో మొదలుపెట్టిన జాషువా పెద్దల సభ దాకా వెళ్లగలిగారు గానీ, ఆ చిన్న బడి పంతుళ్లు ఇంకా గడప ఇవతలే ఉన్నారు.