పుండు మీద కారం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో అద్దంకి చుట్టుపక్కల మిరప కోతలు జోరందుకుంటాయి. పగలంతా కాయ కోసిన చేతులు రాత్రికి భగ్గుమంటాయి. నీళ్లు పోస్తే తగ్గదు. కాయలోని క్యాప్సైసిన్ అనే ఘాటు రసాయనం నూనెలో కరిగినట్టు నీటిలో కరగదు. నరాల కొసల్లోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని అది రెచ్చగొడుతుంది. సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించేదీ ఆ గ్రాహకమే, కాబట్టి కారం తగిలిన చర్మం కాలినట్టే ఉంటుంది. 1997లో ఆ గ్రాహకాన్ని గుర్తించిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది.

వేలికి దెబ్బ తగిలి వాచి ఉంటే ఆ బాధ ఇక చెప్పనక్కర్లేదు. ఎందుకలా?

జవాబులో కొంత మన ఆరో క్రోమోజోమ్ మీది ఎంఏపీకే14 జన్యువులో ఉంది. దాని ఆధారంగా తయారయ్యే ప్రోటీన్ పీ38 ఆల్ఫా (క్లుప్తంగా పీ38), 360 అమైనో ఆమ్లాల గొలుసు. ఇదొక కైనేజ్. అంటే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్‌ను తీసి వేరే ప్రోటీన్‌కు తగిలించే ఎంజైము. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరుచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా ఆ పని చేశాడు.

మామూలప్పుడు పీ38 పెద్దగా పనిచేయదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి, కణంలోని నీటిని లాగేసే ఉప్పు, సూక్ష్మజీవుల విషాలు, వీటిలో ఏది సోకినా పైస్థాయి కైనేజ్‌లు దాని 180, 182 స్థానాల్లో ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. నిమిషాల్లో అది పనిలోకి దిగుతుంది. ఈస్టులోనూ దీనికి హాగ్1 అనే దాయాది ఉంది. ఉప్పదనం పెరిగితే ఈస్టును బతికించేది అదే.

వాచిన చోట ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి, నాడీకణాల్లో పీ38ను ప్రేరేపిస్తుంది. దాంతో టీఆర్‌పీవీ1 మోతాదు పెరుగుతుంది. నాడీశాస్త్రవేత్త క్లిఫర్డ్ వూల్ఫ్ బృందం 2002లో ఎలుకల్లో ఈ సంగతి చూపింది. పీ38ను అడ్డుకుంటే వేడి తగిలినప్పటి అతిబాధ తగ్గింది.

మరైతే దాన్ని ఆపే మందు చేస్తే సరిపోదా? కంపెనీలూ అలాగే అనుకున్నాయి. వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ తయారీని ఆపే కొన్ని రసాయనాలు పీ38కే అతుక్కుంటాయని 1994లో తేలింది. రుమటాయిడ్ కీళ్లవాతం రోగుల మీద పీ38ను అడ్డుకునే పామాపిమోడ్, వీఎక్స్-702 అనే మందులను పరీక్షించారు. మొదటి వారాల్లో రక్తంలో వాపు సూచికలు తగ్గి, ఆ తర్వాత మళ్లీ పైకి వచ్చాయి. ఈ కోవ మందుల్లో కొన్నింటితో కాలేయ ఎంజైములు పెరిగాయి. వాపును రాజేసే పీ38 ఆల్ఫాయే దాన్ని చల్లార్చే సంకేతాలనూ నడుపుతుంది. దాన్ని పూర్తిగా నొక్కేస్తే రెండూ పోతాయన్నది ఈ వైఫల్యానికి శాస్త్రవేత్తలు చెప్పే ప్రధాన కారణం. గుండెపోటు వచ్చిన సుమారు 3,500 మందిపై పరీక్షించిన ఇదే కోవ మందు లాస్మాపిమోడ్ కూడా ముప్పును తగ్గించలేదని 2016లో తేలింది. కీళ్లవాతానికి పీ38ను అడ్డుకునే మందు ఒక్కటీ ఇంతవరకు ఆమోదం పొందలేదు.