‘సారీ’ అను మాట: అమెరికా, చైనా

రేడియోలో పాట నడుమ ఆగిపోయి, కొంతసేపటికి “అంతరాయానికి చింతిస్తున్నాము” అను ప్రకటన వినబడుట శ్రోతలకు క్రొత్త కాదు. ఆ మాట విని కేంద్రమువారు తప్పు ఒప్పుకొన్నారని ఎవ్వరును తలపరు. యంత్రమేదో చెడినది కాబోలునని సరిపెట్టుకొందురు. చింతించుట వేరు, క్షమాపణ కోరుట వేరు. ఈ రెంటి నడుమనున్న సందు మిక్కిలి ఇరుకైనది. ఆ సందులో ఒకప్పుడు 24 మంది మనుష్యులు 11 దినములు చిక్కుకొనిరి. ఆ కథనే ఇప్పుడు చెప్పదలచితిమి.

2001 ఏప్రిల్ 1వ తేదీన, హైనాన్ ద్వీపమునకు సుమారు 110 కిలోమీటర్ల దూరమున, అమెరికా నౌకాదళపు నిఘా విమానమును చైనా యుద్ధవిమానములు వెంబడించెను. వానిలో ఒకటి ఆ నిఘా విమానముతో ఢీకొని సముద్రములో కూలెను. దానిని నడపిన వాంగ్ వెయ్ మరల కానరాలేదు. దెబ్బతిన్న అమెరికా విమానము హైనాన్‌లోని లింగ్‌షుయి విమానాశ్రయమున అనుమతి లేకయే దిగెను. అందలి 24 మందిని చైనావారు నిర్బంధించిరి. అమెరికా క్షమాపణ చెప్పవలెనని చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ కోరెను. తమ విమానము అంతర్జాతీయ గగనతలముననే ఉన్నదనియు, తాము చేయని తప్పునకు క్షమాపణ ఏమిటనియు అమెరికావారు బదులు చెప్పిరి.

దీనిని అహంకారమని కొట్టివేయుట సులభము. కాని రెండేండ్లకు ముందు, 1999 మే నెలలో, బెల్‌గ్రేడులోని చైనా రాయబార కార్యాలయముపై అమెరికా బాంబులు పడి ముగ్గురు చైనీయులు మరణించినప్పుడు అధ్యక్షుడు క్లింటన్ బహిరంగముగానే క్షమాపణ చెప్పెను. అక్కడ పొరపాటు తమదేనని అమెరికా ఒప్పుకొన్నది. అమెరికనులకు క్షమాపణ తప్పును అంటిపెట్టుకొని వచ్చును. తప్పు ఒప్పుకొన్నచో నష్టపరిహారమును, న్యాయస్థానమును వెంటనే వచ్చును. ప్రమాదమునకు పిదప ఎదుటివానిపై సానుభూతి చూపి పలికిన మాటను సాక్ష్యముగా వాడరాదని మసాచుసెట్స్ రాష్ట్రము 1986లో చట్టమే చేయవలసివచ్చెను. ఓదార్పు మాటకు చట్టపు రక్షణ కావలసివచ్చిన దేశమది!

చైనాలో ఆలోచన వేరొక చోట మొదలైనది. తప్పంతయు అమెరికాదే యని ఆ ప్రభుత్వము వాదించిన మాట నిజమే. కాని ఆ కోరికకు ప్రజలలో అంత బలము వచ్చుటకు కారణము, ప్రాణము పోయినది తమవానిది, విమానము వచ్చి దిగినది తమ నేలపైన. నష్టపడినవాని గౌరవమును ఎదుటివాడు ముందుగా గుర్తింపవలెనని వారి ఉద్దేశము. చైనావారి ‘ముఖము’ అను భావనను గూర్చి హూ షియెన్‌చిన్ అను మానవశాస్త్రజ్ఞురాలు 1944లో ఒక వ్యాసము వ్రాసెను. నడవడి వలన నిలుచు గౌరవము ‘లియెన్’ అనియు, పేరుప్రతిష్ఠల వలన వచ్చునది ‘మియెన్‌జి’ అనియు ఆమె వేరుపరచెను. నలుగురిలో మొగము చెల్లుట, చెల్లకపోవుట అను మాటలు గల మనకు ఇది బోధపడుట కష్టము కాదు.

ఇక మాటల బేరము. చైనీయులు కోరినది ‘దావ్‌చియెన్’, అనగా నోరార తప్పు ఒప్పుకొనుట. అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పవెల్ మొదట విచారమును తెలిపి, కొన్ని దినములకు ‘సారీ’ వరకు వచ్చెను. ఇంగ్లీషులో ఆ మాట రెండు విధముల చెల్లును. కాలు త్రొక్కినను సారీయే, చావు కబురు విన్నను సారీయే. మనము చావింటికి పోయి క్షమింపుమని అడుగము, చైనీయులును అడుగరు. ఏప్రిల్ 11వ తేదీన రాయబారి జోసెఫ్ ప్రూయర్, చైనా విదేశాంగమంత్రి తాంగ్ జియాషువాన్‌కు లేఖ నిచ్చెను. వాంగ్ వెయ్ కుటుంబమునకు కలిగిన నష్టమునకు ఒకసారి, అనుమతి లేక దిగినందుకు ఒకసారి, మిక్కిలి సారీ యని అందులో ఉన్నది. చైనా పత్రికలలో అది ‘షెన్‌బియావ్ చియెన్‌యి’ అని వెలువడెను. ‘దావ్‌చియెన్’లోని ‘చియెన్’ ఇందులోను కలదు. క్షమాపణ వచ్చినదని చైనా ప్రజలు చదివిరి. క్షమాపణ చెప్పలేదని అమెరికా ప్రజలు వినిరి.

దీనిని అపార్థమని మేము అనజాలము. ఇరువైపులను రెండు భాషలు చక్కగా తెలిసినవారే ఉండిరి. ఎదుటివారు తమ ఇంట ఏమని చెప్పుకొందురో ఎరిగియే ఆ మాటను ఏరుకొనిరి. సంస్కృతి భేదము తగవును బిగించిన మాట నిజము. విడుదలకు దారి చూపినదియు అదియే. పైగా అధికారమునకు వచ్చి మూడు మాసములైనను నిండని అధ్యక్షుడు బుష్‌నకు మాత్రము ముఖము కాపాడుకొను అక్కర లేదా?

చైనావారనగా ఇట్లు, అమెరికావారనగా అట్లు అని సూత్రములు కట్టువారిని చూచినప్పుడు మాకొక సంగతి జ్ఞాపకము వచ్చును. 1972లో నిక్సన్ చైనాకు పోయినప్పుడు, ఫ్రెంచి విప్లవ ఫలితమును గూర్చి అడుగగా చౌ ఎన్‌లై “ఇప్పుడే చెప్పలేము” అనెనని లోకమంతయు చెప్పుకొనెను. రెండు శతాబ్దముల నాటి మాటకే తొందరపడని చైనా దూరదృష్టి యని పొగడిరి. నాడు దుబాసిగా ఉన్న చాస్ ఫ్రీమన్ 2011లో అసలు సంగతి చెప్పెను. ఆ ప్రస్తావన 1968 నాటి పారిస్ అల్లర్లను గూర్చియట! నాలుగేండ్ల నాటి సంగతి.

లేఖ అందిన మరునాడు 24 మందియు హైనాన్ విడిచి వెళ్లిరి. విమానము మాత్రము ఎగిరిపోవుటకు చైనా ఒప్పుకొనలేదు. దానిని ముక్కలుగా విడదీసి, రష్యా రవాణా విమానములో నెక్కించి, 2001 జూలై మొదటి వారములో తీసికొనిపోయిరి. వాంగ్ వెయ్ దేహము దొరకలేదు.