సంతకానికి ముందు రెండేళ్లు

సీఏ పరీక్షలు ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు. ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. త్వరగా గట్టెక్కే దారి దొరికింది సరే, పని నేర్చుకునేదెక్కడ?

సెప్టెంబర్ ఆఖరి వారంలో విజయవాడలోనో, వరంగల్‌లోనో ఏ ఆడిటర్ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. రాత్రి పది దాటినా లైట్లు ఆరవు. ట్యాక్స్ ఆడిట్ నివేదికలకు సాధారణంగా ఆ నెల 30వ తేదీ గడువు మరి. టేబుళ్ల మీద ఓచర్ల కట్టలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చల్లారిపోయిన టీ కప్పులు. వాటి వెనక ఇరవై ఏళ్లు నిండీ నిండని అబ్బాయిలు, అమ్మాయిలు. బిల్లుకూ లెడ్జర్‌కూ మధ్య తేడా వచ్చిన కొన్ని వేల రూపాయల కోసం వెతుకుతుంటారు. వీళ్లు ఉద్యోగులు కారు, అలాగని ఉత్త విద్యార్థులూ కారు. ఆర్టికల్ అసిస్టెంట్లు. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే ఎవరైనా ఎక్కాల్సిన మెట్టు ఇది.

ఇళ్లలో ఈ మెట్టు గురించి మాట్లాడుకోవడం తక్కువ. ఎంపీసీ, బైపీసీ మోజును కాదని పిల్లవాణ్ని ఎంఈసీలో చేర్పించిన తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్నో అటెంప్ట్‌లో పాసవుతాడు? గుంటూరు, హైదరాబాద్‌లలోని కోచింగ్ సెంటర్ల హోర్డింగులు చెప్పేదీ ర్యాంకుల సంగతే. కానీ సీఏ కోర్సు బలం ర్యాంకుల్లో కన్నా ఆ ఓచర్ల కట్టల్లోనే ఎక్కువ ఉంది.

దారి ఇలా సాగుతుంది. ఇంటర్ తర్వాత ఫౌండేషన్, నాలుగు పేపర్లు. ఆపైన ఇంటర్మీడియట్, రెండు గ్రూపుల్లో ఆరు పేపర్లు. డిగ్రీలో కామర్స్ చదివి 55 శాతం, ఇతర కోర్సులైతే 60 శాతం మార్కులు తెచ్చుకున్నవారు ఫౌండేషన్ రాయకుండానే నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. రెండు గ్రూపులూ పాసై, ఐటీ, ఓరియెంటేషన్ శిక్షణ పూర్తి చేశాక ఒక ప్రాక్టీసింగ్ సీఏ దగ్గర ఆర్టికల్‌షిప్. చివరగా ఫైనల్, మరో ఆరు పేపర్లు. ప్రతి పేపర్‌లో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ 2024 మే ఫైనల్‌లో రెండు గ్రూపులూ కలిపి రాసినవారిలో గట్టెక్కింది 19.88 శాతం. ఆ ఏడాది నవంబర్‌లో అది 13.44 శాతానికి పడిపోయింది.

1949 చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా 2023 జులై 1 నుంచి కొత్త విధానం తెచ్చింది. ఇంటర్మీడియట్, ఫైనల్‌లలో ఎనిమిదేసి పేపర్లు ఆరేసి అయ్యాయి. ఆర్టికల్‌షిప్ రెండేళ్లకు తగ్గింది. 2024 నుంచి ఫౌండేషన్, ఇంటర్మీడియట్ పరీక్షలు, 2025 నుంచి ఫైనల్ కూడా ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి. ఒకసారి తప్పినవాడు ఆరు నెలలు ఎదురుచూడాల్సిన బాధ పోయింది. శిక్షణ ముగిశాక ఆరు నెలలు పూర్తిగా చదువుకే కేటాయించి ఫైనల్ రాయవచ్చు. అప్పు చేసి చదివిస్తున్న ఇంటికి ఇది చిన్న ఊరట కాదు.

చిక్కల్లా ఆ రెండేళ్లను ఎలా గడిపారన్న దగ్గరే. పేరు ఒక ఆఫీసులో, మనిషి కోచింగ్ క్లాసులో ఉండే ‘డమ్మీ’ ఆర్టికల్‌షిప్ ఈ వృత్తిలో అందరికీ తెలిసిన రహస్యం. అది నియమాలకు విరుద్ధం, విద్యార్థికీ, సంతకం పెట్టే ప్రిన్సిపల్‌కూ ముప్పే. అయినా స్టైపెండ్ వద్దు, సెలవులు చాలని ఆ దారి పట్టేవారున్నారు. వారానికి కనీసం 35 గంటల పని, ఏడాదికి 12 రోజుల సెలవు అనే నియమాలు చూసి జంకేవారికి అది అడ్డదారిలా కనిపిస్తుంది.

ఆ అడ్డదారిలో పోయేదేమిటో తెలియాలంటే హైదరాబాద్ చరిత్రలోకి ఒకసారి తొంగిచూడాలి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బి. రామలింగరాజు తన లేఖలో, కంపెనీ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. లేని డబ్బు ఆడిటర్ల కళ్లుగప్పి ఎలా నిలబడింది? అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు దానికి జవాబు చెప్పింది. బ్యాంకు నిల్వలను ధ్రువీకరించే లేఖలను పంపడం, తెప్పించుకోవడం అనే పనిని ఆడిటర్లు పూర్తిగా కంపెనీకే వదిలేశారు. ఆ నిర్ధారణను ఒప్పుకోకుండా, కాదనకుండా ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలు 60 లక్షల డాలర్లు చెల్లించి ఆ కేసును పరిష్కరించుకున్నాయి.

బ్యాంకుకు నేరుగా లేఖ రాయడం, జవాబు నేరుగా ఆడిటర్‌కే వచ్చేలా చూడటం గొప్ప విద్యేమీ కాదు. ఆడిట్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన ఆర్టికల్‌కు అప్పగించే పని. ఆ లేఖ కవరు కంపెనీ గుమస్తా చేతికి ఎందుకు ఇవ్వకూడదో పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటుంది. కానీ గోడౌన్‌లో బస్తాలు లెక్కపెడుతున్నప్పుడు, యజమాని ‘మేం రాసిచ్చిన లెక్క ఉందిగా’ అంటున్నప్పుడు, వినయంగానే కాదనడం ఏ పేపర్‌లోనూ రాదు. అది రెండేళ్లలో ఒంటబట్టాల్సిన అలవాటు.

సత్యం తర్వాత నిఘా పెరిగింది. 2018లో ఆడిట్ల మీద పర్యవేక్షణకు జాతీయ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ వచ్చింది. 2019 నుంచి సీఏ ఇచ్చే ధ్రువపత్రాలకు, నివేదికలకు దశలవారీగా 18 అంకెల, అక్షరాల యూడిన్ తప్పనిసరైంది. సంతకం అసలుదో నకిలీదో బ్యాంకు క్షణాల్లో తెలుసుకోగలదు. అయితే సంతకం వెనక పరిశీలన జరిగిందో లేదో ఆ సంఖ్య చెప్పలేదు.

కాబట్టి ఆర్టికల్‌షిప్‌కు ఆఫీసు ఎంచుకోవడం కాలేజీ ఎంచుకున్నంత పెద్ద నిర్ణయం. పెద్ద సంస్థలో పేరుంటుంది, పెద్ద కంపెనీల ఆడిట్ చూడొచ్చు, కానీ నెలల తరబడి ఒకే ముక్క మీద కూర్చోవాల్సి రావచ్చు. పట్టణంలోని చిన్న ఆఫీసులో స్టైపెండ్ తక్కువైనా జీఎస్టీ, ఆదాయపన్ను, రైస్‌మిల్లు స్టాకు, సహకార సంఘం లెక్కలు అన్నీ చేతికొస్తాయి. చేరే ముందు అక్కడి సీనియర్ ఆర్టికల్స్‌ను రెండు ప్రశ్నలు అడిగితే చాలు: క్లయింట్ల దగ్గరికి పంపుతారా? తప్పు చేస్తే సారు కూర్చోబెట్టి చెబుతారా? మధ్యలో ఆఫీసు మారదామంటే నిబంధనలు అంత తేలిగ్గా ఒప్పుకోవు.

పాసయ్యాకా దారులు రెండు. ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే క్యాంపస్ ఇంటర్వ్యూల ద్వారా కంపెనీలో ఉద్యోగం ఒకటి. సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ తీసుకుని సొంత బోర్డు పెట్టుకోవడం రెండోది. రెండోది నిదానంగా సాగుతుంది. పని ఇమ్మని క్లయింట్ల వెంటపడటం వృత్తి నియమాల ప్రకారం తప్పు. పని చూసినవాడు మరొకడికి చెప్పాలి. అందుకే ఆర్టికల్‌షిప్‌లో పరిచయమైన వ్యాపారి మొదటి ఫైలు పట్టుకొచ్చిన సందర్భాలు ఈ వృత్తిలో కొల్లలు. ఆ ఫైలు మీద కొత్త సీఏ చేసే సంతకాన్ని బ్యాంకు నమ్మి అప్పిస్తుంది, మదుపరి నమ్మి డబ్బు పెడతాడు. వాళ్లలో ఎవరూ అతన్ని ఎన్నో అటెంప్ట్‌లో పాసయ్యావని అడగరు.