తప్పిపోయిన పిల్లల అన్వేషణ: మారుతూ వచ్చిన పద్ధతులు

ఈ భాగం చదివిన తర్వాత, తప్పిపోయిన పిల్లల్ని వెతికే బాధ్యత మనదేశంలో కుటుంబం నుంచి రాజ్యానికి ఎలా మారిందో మీరు వివరించగలుగుతారు.

1. ప్రకటనల కాలం

దినపత్రికల్లో ‘కనబడుటలేదు’ అన్న శీర్షిక కింద చిన్న ఫోటోతో వచ్చే ప్రకటనలను మీరు చూసే ఉంటారు. వయసు, ఒంటి రంగు, వేసుకున్న బట్టలు, చివరగా ఆచూకీ తెలిపినవారికి పారితోషికం. గోడ పోస్టరు, ఆటోలో మైకు కూడా ఈ కోవలోవే. ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. ఒకటి, డబ్బున్న కుటుంబమే ఎక్కువ కాలం వెతకగలదు. రెండు, పిల్లవాడు రైలెక్కి వేరే భాషా రాష్ట్రానికి చేరితే ఆ ప్రకటన అక్కడెవరి కంటా పడదు.

2. చట్టం దృష్టిలో మార్పు

2006 డిసెంబరులో నోయిడాలోని నిఠారీలో పిల్లల అవశేషాలు బయటపడ్డాయి. తమ పిల్లలు కనబడడంలేదని తల్లిదండ్రులు ముందే మొరపెట్టుకున్నా పోలీసులు పట్టించుకోలేదన్న విమర్శ వెల్లువెత్తింది. ‘ఇంట్లోంచి అలిగి వెళ్లి ఉంటాడు, తిరిగొస్తాడు’ అన్న ధోరణి ఎంత ప్రమాదకరమో దేశానికి తెలిసింది.

బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన పిటిషన్‌పై 2013 మే 10న సుప్రీంకోర్టు ఈ ధోరణిని తలకిందులు చేసింది. పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదుపైనా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, వేరే కారణమని తేలేదాకా దాన్ని అపహరణగానో అక్రమ రవాణాగానో భావించాలని ఆదేశించింది. దీని ప్రాముఖ్యాన్ని గమనించండి. కేసు నమోదైతేనే దర్యాప్తు మొదలవుతుంది, దానికి జవాబుదారీ అయిన అధికారి ఉంటాడు.

3. రెండు జాబితాల పోలిక

తప్పిపోయిన పిల్లలది ఒక జాబితా, సంరక్షణ గృహాల్లో దొరికిన పిల్లలది మరొకటి. ట్రాక్‌చైల్డ్ పోర్టల్, 2015లో వచ్చిన ఖోయా-పాయా ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలు. తెలంగాణ పోలీసులు ‘దర్పణ్’ అనే ముఖ గుర్తింపు సాధనంతో ఫోటోలను పోలుస్తున్నారు. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాలుణ్ణి 2020లో అస్సాంలోని గృహంలో దీని ద్వారానే గుర్తించారు.

అయితే యంత్రాన్ని గుడ్డిగా నమ్మలేం. ఢిల్లీలో వాడిన ముఖ గుర్తింపు వ్యవస్థ బాలురను, బాలికలను కూడా వేరుచేయలేకపోతోందని 2019లో కేంద్రం హైకోర్టుకు తెలిపింది. పైగా ఫిర్యాదు రాయని పిల్లవాడి ఫోటో ఏ జాబితాలోనూ ఉండదు. కాబట్టి ఎంత సాంకేతికత వచ్చినా అన్వేషణకు పునాది మొదటి రోజు నమోదయ్యే ఎఫ్‌ఐఆరే.

గుర్తుంచుకోండి: ఫిర్యాదుకు 24 గంటలు ఆగనక్కరలేదు. పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ‘జీరో ఎఫ్‌ఐఆర్’ నమోదు చేయించవచ్చు. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నంబర్లున్నాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పత్రికా ప్రకటనల పద్ధతికి ఉన్న పరిమితులేవి?
2. 2013 నాటి సుప్రీంకోర్టు ఆదేశం లేకపోతే ముఖ గుర్తింపు సాధనాల ప్రయోజనం ఎందుకు తగ్గేది? మీ మాటల్లో రాయండి.