మూడు నిమిషాల వీడియో, ఐదుగురి లెక్క

డిగ్రీ క్లాసులో సార్ ఒకరోజు, ఈసారి రికార్డు రాయక్కర్లేదు, ఐదుగురు ఒక బ్యాచ్‌గా చేరి మూడు నిమిషాల వీడియో తీసుకురండి అంటారు. పిల్లలు సంబరపడతారు. చేతిలో ఫోన్ ఉంది, ఎడిటింగ్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, ఇక కష్టమేముంది అనుకుంటారు. గడువుకు ముందురోజు రాత్రి చూస్తే ఒకరి ఫోన్‌లో లెక్కలేనన్ని క్లిప్పులు, ఇంకొకరి ఫోన్‌లో గాలి హోరు, ఎవరి దగ్గరా స్క్రిప్టు లేదు. భారమంతా ల్యాప్‌టాప్ ఉన్న ఒక్కరి నెత్తిన పడుతుంది. మార్కులు మాత్రం ఐదుగురికీ సమానం.

ఇలా జరగడానికి ముఖ్యమైన కారణాలు రెండు. ఏం తీయాలో ముందుగా కాగితం మీద తేల్చుకోకపోవడం ఒకటి. ఎవరి పని ఏదో పేరు పెట్టి పంచుకోకపోవడం రెండోది. ఈ రెండూ సరిచేసుకుంటే మామూలు ఫోన్‌తోనే చూడదగ్గ వీడియో వస్తుంది. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. విషయం: భూదాన్ పోచంపల్లి.

ఒక్క ప్రశ్న చాలు

యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ ఊరి గురించి చెప్పుకోవడానికి చాలా ఉంది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చిన చోటు ఇదే. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో దీన్ని చేర్చింది. ఇక ఇక్కత్ చీరల సంగతి సరేసరి. ఇవన్నీ మూడు నిమిషాల్లో కుక్కితే చూసేవాళ్లకు ఏదీ గుర్తుండదు. సాధారణంగా విద్యార్థుల వీడియోలు తేలిపోయేది ఇక్కడే. ఊరి చరిత్రంతా చదివేస్తారు, వెనక బొమ్మలు మారుతుంటాయి.

అందుకే ఒక్క ప్రశ్న ఎంచుకోవాలి. ఉదాహరణకు: ఇక్కత్ చీర మీద పువ్వు నేశాక పడుతుందా, నేయకముందే పడుతుందా? జవాబు ఆసక్తికరమైనది. నేయకముందే నూలును డిజైను ప్రకారం అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. దీన్నే చిటికి కట్టడం అంటారు. మగ్గం ఎక్కేసరికి పువ్వు దారంలోనే ఉంటుంది. ఈ జవాబు మాటల్లో చెబితే సగమే అర్థమవుతుంది, కళ్లారా చూపిస్తే పూర్తిగా తెలుస్తుంది. వీడియోకు పనికొచ్చే ప్రశ్నకు గుర్తు అదే. చూపించడానికి ఏమీ లేని ప్రశ్నయితే దానికి వ్యాసం చాలు.

కాగితం మీద లెక్క

ప్రశ్న కుదిరాక లెక్క వేసుకోవాలి. నింపాదిగా చదివితే నిమిషానికి దాదాపు వంద తెలుగు మాటలు పడతాయి. మూడు నిమిషాలంటే మూడు వందలు. అందులో నేతకారుడి మాటలకు ఒక నిమిషం, మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించడానికి అర నిమిషం పోతే, వ్యాఖ్యానానికి మిగిలేది నూట యాభై మాటలు. అంటే ఒక పేజీ కూడా నిండదు. ఇక షాట్ల సంగతి. ఒక్కో షాట్ సగటున ఐదు సెకన్లు అనుకుంటే ముప్పయ్యారు షాట్లు కావాలి. ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు ఏం కనిపిస్తుందో, కుడివైపు ఏం వినిపిస్తుందో రాసుకుంటూ పోతే స్క్రిప్టు తయారైనట్టే. ఎడమ గడి ఖాళీగా ఉన్న చోటల్లా తీయాల్సిన షాట్ ఒకటి బాకీ ఉన్నట్టు లెక్క.

మగ్గం ఇంట్లో

ఇప్పుడు నేతకారుడి ఇంటికి వెళదాం. చిన్న గది, ఒక కిటికీ, పైన ట్యూబ్‌లైటు. అలవాటుగా ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతూ తీస్తారు. ఆ క్లిప్పు ఎడిటింగ్‌లో దేనికీ పనికిరాదు. దానికి బదులు ఒకే పనిని ఐదు రకాలుగా తీయాలి. చిటికి కట్టే వేళ్లు దగ్గరగా, కట్టే మనిషి ముఖం, గది మొత్తం, ఆయన భుజం మీదుగా ఆయనకు కనిపించేది, చివరగా మనం మామూలుగా చూడని కోణం. ఒక్కొక్కటి కదలకుండా పది సెకన్లు. ఈ ఐదింటినీ ఏ వరుసలో పేర్చినా పని కళ్లకు కడుతుంది. ఫోన్ అడ్డంగానే పట్టుకోవాలి, రీల్స్ కోసమైతే తప్ప.

వెలుతురులో జాగ్రత్తలు రెండు. కిటికీ మనిషి వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. కాబట్టి కిటికీని మన వెనక్కో పక్కకో తెచ్చుకోవాలి. రెండోది ట్యూబ్‌లైటు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. దాంతో చాలా దీపాలు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతాయి. కంటికి తెలియదు కానీ, సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో కొన్నిసార్లు నల్లటి చారలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షట్టర్‌ను 1/50 లేదా 1/100కి మార్చాలి. లేకపోతే లైటు ఆర్పేసి కిటికీ వెలుతురుతోనే తీయాలి.

అందరూ నిర్లక్ష్యం చేసేది శబ్దం. బొమ్మ కాస్త మసకబారినా చూసేవాళ్లు సర్దుకుంటారు, మాట వినపడకపోతే ఆపేస్తారు. దూరం రెట్టింపైతే నేరుగా చేరే శబ్దశక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న ఫోన్‌ను అర మీటరుకు తెస్తే పదహారు రెట్లు పెరుగుతుంది. అందుకే కెమెరా ఫోన్ దూరంగా ఉన్నా, ఇంకో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మాట్లాడే ఆయన చొక్కా జేబులో ఉంచితే కాలర్ మైక్ కొనే పనిలేదు. రెండూ ఆన్ అయ్యాక కెమెరా ముందు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో ఆడియో గీతలో ఒక్కసారిగా లేచిన చోటును, చేతులు కలిసిన ఫ్రేమును ఒకచోటికి తెస్తే మాటా పెదవీ కలిసిపోతాయి. సినిమా వాళ్లు క్లాప్ కొట్టడంలో ఉద్దేశమూ ఇదే. మాట్లాడేటప్పుడు మగ్గం ఆపమని మర్యాదగా అడగాలి. ఆ తర్వాత మగ్గం చప్పుడును విడిగా ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి.

పది మంది చేరితే పాము చావదు

మన పెద్దల ఈ సామెతకు ప్రయోగశాల సాక్ష్యం కూడా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ తాడు లాగించి చూసి, 1913లో ఫలితాలు ప్రచురించారు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. 1979లో అమెరికా మనస్తత్వవేత్త బిబ్ లటానే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో పరీక్షించినా అదే తేలింది. కలిసి అరిచేటప్పుడు ఎవరి గొంతు ఎంతో తెలియదు కాబట్టి గొంతు తగ్గుతుంది. ఆ తర్వాతి ప్రయోగాల్లో ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ తగ్గుదల పోయింది.

గ్రూప్ ప్రాజెక్టుకు పాఠం ఇక్కడే ఉంది. అందరం కలిసి అన్నీ చేద్దాం అనుకుంటే చివరికి ఎవరికి వారే యమునా తీరే. పనికి ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. ఐదుగురిలో ఒకరు దర్శకత్వం, ఒకరు సమాచారం, స్క్రిప్టు, ఒకరు కెమెరా, ఒకరు శబ్దం, ఒకరు ఎడిటింగ్. శబ్దం చూసేవాళ్లు ప్రతి టేకునూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అక్కడికక్కడే విని తీరాలి. చర్చలో అందరూ మాట్లాడవచ్చు, చివరి మాట మాత్రం దర్శకుడిది. లేకుంటే ఒక్కో కటింగ్‌కూ గంట వాదన నడుస్తుంది.

ఎడిటింగ్ బల్ల దగ్గర

ముందు మాటలు పేర్చండి. వ్యాఖ్యానం, నేతకారుడి మాటలు వరుసలో పెట్టి, కళ్లు మూసుకుని విన్నా కథ అర్థమయ్యేలా చూసుకోండి. ఆ తర్వాతే బొమ్మలు అతికించండి. తెలుగు టైటిళ్లను మొదటిరోజే పరీక్షించండి. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. ఆ సంగతి ఆఖరి రాత్రి తెలిస్తే చేయగలిగింది లేదు. క్లిప్పులను వాట్సాప్‌లో వీడియోగా పంపుకుంటే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఒరిజినల్ ఫైళ్లు కనీసం రెండు చోట్ల ఉండాలి.

సంగీతం విషయంలో ఒక హెచ్చరిక. సినిమా పాట వేస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. చదువు అవసరాలకు 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తుంది. వీడియోను యూట్యూబ్‌లో పెట్టినప్పుడూ అవే కాపాడతాయని అనుకోకూడదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం దొరుకుతుంది. అంతకన్నా మీరు రికార్డు చేసిన మగ్గం చప్పుడే మేలు. అది వేరెవరి సొత్తూ కాదు, విషయానికీ అతుకుతుంది.

వీడియోలో కనిపించే మనిషి అనుమతి తప్పనిసరి. దీన్ని ఎక్కడ చూపిస్తామో ఆయనకు ముందే చెప్పాలి. పేరు ఎలా రాయాలో ఆయన్నే అడగాలి. అప్పగించే ముందు ఒకసారి చూపిస్తే చిటికి గురించి మనం చెప్పిందాంట్లో తప్పేదైనా ఉంటే ఆయనే సరిదిద్దుతారు. అంతకన్నా మంచి పరీక్షకుడు దొరకరు.

చివరగా అధ్యాపకులకు ఒక మనవి. వీడియో ఒక్కదానికే మార్కులు వేయకండి. షూటింగుకు ముందే పేర్లతో, తేదీలతో కూడిన కాగితం అడిగి దానికీ కొన్ని మార్కులు కేటాయించండి. వైవాలో ఎవరి పని గురించి వాళ్లనే ప్రశ్నించండి. అప్పుడు ల్యాప్‌టాప్ ఉన్న ఒక్కరి మీదే భారం పడదు, మిగతా నలుగురూ ఏదో ఒక పని నేర్చుకునే బయటికి వెళతారు.