టైరు మీదే ఉంది జాతకం!

'నాలుగూ అరిగిపోయాయి సార్! ఈసారి కాస్త వెడల్పువి వేయిద్దాం, బండికి మంచి లుక్కొస్తుంది'... షాపులో ఈ మాట వినగానే తలూపేస్తాం. చీర కొనేటప్పుడు అంచు నుంచి కొంగు దాకా పరీక్షగా చూస్తాం. ఇంటిల్లిపాదినీ మోసే టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతా షాపువాళ్ల దయ!

నిజానికి టైరు జాతకమంతా దాని పక్క భాగంలోనే ఉంటుంది. ఉదాహరణకి మారుతీ స్విఫ్ట్ కొన్ని మోడళ్లకి వచ్చే సైజు 165/80 ఆర్14. ఇందులో 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం... అంటే 132 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము అంగుళాలు. ఆ పక్కన 85టి అని ఉంటే, ఒక్కో టైరూ 515 కిలోల దాకా మోస్తుందనీ, గంటకి 190 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందనీ అర్థం.

అదే కారు ఖరీదైన మోడళ్లకి 185/65 ఆర్15 టైర్లొస్తాయి. వెడల్పు పెరిగింది, రిమ్మూ పెరిగింది. కానీ లెక్కేసి చూడండి... మొదటి టైరు మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోదానిది 622. దాదాపు సమానమే! అసలు కిటుకు ఇదే. వెడల్పు మారినా చక్రం ఎత్తు మారకూడదు.

అలా కాకుండా 14 అంగుళాల రిమ్ముకే 185/80 టైరు వేయించామనుకోండి. ఎత్తు అయిదు శాతం పెరిగిపోతుంది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే కారు 84లో పోతుంటుంది. నిండా జనం ఎక్కి మలుపు తిరిగితే టైరు మడ్‌గార్డుకి రాసుకోవచ్చు. పికప్పూ, మైలేజీ తగ్గుతాయి.

బరువు అంకె తగ్గితే ఇంకా ప్రమాదం. మండుటెండ, హైవే, అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను... మోయలేని టైరు వేడెక్కి పేలిపోవచ్చు.

మరెలా? పాత టైరు మీది అంకె చూసి కొనేస్తే చాలదు. సెకండ్‌హ్యాండ్ కారైతే పాత యజమాని సైజు మార్చేసి ఉండొచ్చు. డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద కంపెనీ అంటించిన స్టిక్కరు కనిపిస్తుంది. సరైన సైజూ, గాలి ఎంత ఉండాలో అందులో ఉంటాయి. లేదంటే కారుతోపాటు ఇచ్చిన పుస్తకం చూడండి. ముందు రెండు చక్రాలకీ ఒకే సైజు, వెనక రెండింటికీ ఒకే సైజు ఉండాలి. బరువు, వేగం గుర్తులు కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు.

చివరగా, తయారీ తేదీ. డాట్ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు 1224 అని ఉంటే 2024లో 12వ వారం తయారైందన్నమాట.

ఈసారి షాపులో 'లుక్కొస్తుంది' అంటే, 'ముందు స్టిక్కరు చూద్దాం' అనండి!